ఆమెకేం పని సార్?

పాఠకులారా! పనీపాటా లేకుండా బతకడాన్ని మించిన భోగం ఇంకేముంది చెప్పండి? ఆ భోగం అనుభవించే ఆడవాళ్లను చూడాలంటే విమానం ఎక్కనక్కర్లేదు. కోడుమూరు బస్సెక్కి, ఆ చుట్టుపక్కల ఏ పల్లెలో దిగినా చాలు. ఊరినిండా వాళ్లే! నా మాట నమ్మరా? పోనీ, రెండువేల ఒకటి జనాభా లెక్కలప్పుడు కేశవయ్య మాస్టారు ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చింది నమ్మండి.

కేశవయ్య నిక్కచ్చి మనిషి. ఫిబ్రవరి ఎండలో గొడుగేసుకుని, చంకలో రఫ్ నోటు పెట్టుకుని, తొమ్మిదికల్లా మొదటి వీధిలోకి దిగాడు. మొదటి ఇంటి అరుగు మీద హనుమన్న బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. వృత్తి ఏమిటని అడిగితే "సేద్యం సార్" అన్నాడు.

"మీ ఇంటామె మహాదేవమ్మ?"

"ఆమెకేం పని సార్? ఇంట్లోనే ఉంటాది."

"ఓసారి పిలువప్పా, వయసు అడగాల."

"ఇంట్లో యాడుండాది సార్! చేన్లో పప్పుశనగ పీకేకి పోయింది. మంచు మీదనే పీకాల, ఎండెక్కితే కాయ రాలిపోతాది. తెల్లారకముందే పోయింది."

కేశవయ్యకు ఇందులో తిరకాసేమీ కనిపించలేదు. సేద్యం చేసేవాడు అరుగు మీద ఉన్నాడు, పని లేనామె చేలో ఉంది! 'పని లేదు' అని రాసుకుని పక్కింటికి నడిచాడు.

పక్కింట్లో జులేఖా బీ కుట్టుమిషన్ తొక్కుతోంది. మిషన్ ఆపకుండానే జవాబు చెప్పింది. "పని యాడుండాది సార్? ఊరికే కూర్చోలేక రెండు జాకెట్లు కుడతాండా." ఎంత వినయం! కేశవయ్య ఈసారి అక్షరాలు కూడా దండగ అనుకుని కింద డిట్టో పెట్టాడు. ఆ తర్వాత ఉల్లిగడ్డలు కోసే ఆమెకు డిట్టో, బర్రెలు కాచే ఆమెకు డిట్టో. వీధి చివరికొచ్చేసరికి డిట్టోలు చీమల బారులా పేజీ దిగిపోయాయి. ఇంత సుఖపడే ఊరు ఇంకెక్కడైనా ఉందా!

అయితే మాస్టారు రాసింది మర్నాటికి మాస్టారికే అర్థం కాదు. అందుకని రఫ్ నోటులోంచి అసలు ఫారాల్లోకి గుండ్రటి అక్షరాలతో ఎక్కించే బాధ్యత ఆయన భార్య సుందరలక్ష్మిది. ఆమె ఎలాగూ ఖాళీయే కదా! పొయ్యి మీద పప్పు, ఒడిలో ఫారాలు. అసలు ఫారంలో డిట్టోలు చెల్లవు. పాపం, ప్రతి ఆడమనిషి పేరు పక్కనా 'పని లేదు' అని పూర్తిగా రాసీ రాసీ ఆమె బొటనవేలు వాచింది.

ఆ సాయంత్రం చేలోనుంచే మహాదేవమ్మ మాస్టారి గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. శనగచెట్టు పులుపు అంటి ఆమె వేళ్లు నల్లబడి పగిలి ఉన్నాయి.

"అయ్యవారూ, నా పేరు పక్కన పని లేదని రాసుకున్నారంట?"

"మీ ఆయనే చెప్పినాడు కదమ్మా!"

"ఆయప్పకు చేనికి దోవ తెలుసో లేదో అడిగినారా? ముప్పై ఏండ్లాయె సేద్యం చేస్తాండా. రేపు నేను పోయినాక, బతికినన్నాళ్లూ ఈమె ఏం చేసిందంటే ఏం లేదనేదేనా మీ కాగితం? నాకు దుడ్లొద్దు, ఇల్లొద్దు. సేద్యమని రాయండి, చాలు."

"ఒక్కరికి మారిస్తే ఊరందరికీ మార్చాల. అది కుదరదమ్మా" అన్నాడు కేశవయ్య. మహాదేవమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. సుందరలక్ష్మి తెచ్చిచ్చిన చెంబెడు నీళ్లు తాగి వెళ్లిపోయింది.

ఆ రాత్రి సంతకాలు పెట్టడానికి ఫారాలు అందుకున్న కేశవయ్య ఉలిక్కిపడ్డాడు. 'పని లేదు'లన్నీ కొట్టేసి ఉన్నాయి, పైన అవే గుండ్రటి అక్షరాలు. మహాదేవమ్మ, సేద్యం. జులేఖా బీ, కుట్టుపని. వీధి వీధంతా తలకిందులైపోయింది! చివరిది తన ఇంటి ఫారం. కేశవయ్య, ఉపాధ్యాయుడు. సుందరలక్ష్మి, జనాభా లెక్కలు రాయడం.

"ఇదేంది సుందరా! అది నా పని కదా?"

"అవునా? అయితే ఇదో పెన్ను. ఇంకా నూటనలభై ఇండ్లు ఉండాయి."

కేశవయ్య పెన్ను వంక చూశాడు. రఫ్ నోటు తెరిచి తన రాత వంక చూశాడు. తర్వాత బుద్ధిగా మహాదేవమ్మ ఫారం మీద మొదటి సంతకం పెట్టి, మిగతావాటి మీదా పెట్టి, పెన్ను సుందరలక్ష్మి చేతికే ఇచ్చేశాడు.

చూశారా పాఠకులారా! ఏ పనీ లేకుండా సుఖంగా ఉన్న ఊరు ఒక్క పూటలో ఎలా పాడైపోయిందో! పాడైంది ఊరొక్కటేనా? కాఫీ కలుపుకుందామని వంటింట్లోకి వెళ్లిన మాస్టారు పది నిమిషాలు డబ్బాలన్నీ మూతలు తీసి చూసి, చక్కెర ఎక్కడుందని అక్కడి నుంచే కేకేశాడు.

సుందరలక్ష్మి తలెత్తలేదు. "ఎతుక్కోండి. నాకు పనుండాది."