అంగోలా మీద మా నల్లబోర్డు ప్రభావం

ఇతర దేశాల రాజకీయాలను మలుపు తిప్పాలంటే ఉపగ్రహాలు, టీవీ ఛానళ్లు, పేరు మార్చుకున్న పెద్దమనుషులు కావాలని లోకం నమ్ముతోంది. ఒక పెట్టెడు రంగు సుద్దముక్కలు చాలునని నర్సీపట్నంలో మేము రుజువు చేశాం.

ఆ పెట్టె ఏటా ఒక చలిదేశం నుంచి వస్తుంది. ఒకప్పుడు ఇక్కడి మిషన్ ఆసుపత్రిలో పనిచేసి వెళ్లిన నర్సమ్మ పంపుతుంది. నా భార్య దీనాను పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్న చేతులు ఆవిడవే.

ఏజెన్సీ బస్సులు ఆగే చోట మా చర్చివాళ్ల పఠనాలయం ఉంది. దాని గోడకు నల్లబోర్డు. దీనా రోజూ పదకొండింటికి (అంతకుముందు వెళ్లి చూడడం అధికారులకు అన్యాయమని ఆమె అభిప్రాయం) ఆఫీసులన్నీ చుట్టివచ్చి, సీట్లో లేని ప్రతి అధికారికీ ఒక ఖాళీ కుర్చీ బొమ్మ వేసేది. ఎరుపు సర్టిఫికెట్ల ఆఫీసుది, ఆకుపచ్చ భూములది, నీలం పింఛన్లది. ఉన్నవారికి బొమ్మ లేదు. ఉండడం వారి ఉద్యోగమే కదా అనేది. బస్సు డ్రైవర్ సింగన్న బోర్డు చూసుకుని, కొండ మీద ప్రతి స్టాపులోనూ చెప్పేవాడు. చదువు రానివారికీ రంగులు వచ్చు. పని అయ్యే రోజే జనం కొండ దిగేవారు.

దీనా జూలైలో పోయింది. అప్పటి నుంచి కుర్చీలు నేను వేస్తున్నాను. నా కుర్చీలకు కాళ్లు కుదరడం లేదు.

ఆగస్టులో ‘విదేశీ నిధులతో నడిచే ప్రసార సంస్థల ప్రభావ పరిశీలనాధికారి’ నుంచి నోటీసు వచ్చింది. నిధులు అంటే సుద్దముక్కలు. ప్రసార సంస్థ అంటే బోర్డు. (నలభై ఒక్క రోజులు వరుసగా ఎర్ర కుర్చీగా ఉన్న ఒకాయన ఫిర్యాదు చేశారట. ఫిర్యాదు ఇవ్వడానికి మాత్రం స్వయంగా వచ్చారు.)

నోటీసుకు జవాబుగా ఇవ్వాల్సిన ఫారాన్ని తెర మీద నింపింది కంప్యూటర్ ఆపరేటర్ కళావతి.

“‘మీరు ప్రభావితం చేసిన ఇతర దేశం’ అని ఉందండి మాస్టారూ. ఏటి ఎట్టమంటారు?”

“ఏదీ లేదమ్మా.”

“నేదంటే ముందుకి ఎల్లదండి ఇది.”

“మన దేశం పెట్టు.”

“ఇతర దేశాలన్నారు గదా, మనది లిస్టులో నేదు. అంగోలా ఎట్టీమంటారా? పైనే ఉంది, బేగి అయిపోద్ది.”

అంగోలా పెట్టాం. అక్కడి అధికారపక్షాన్ని బలపరిచారా, ప్రతిపక్షాన్నా అని ఫారం వెంటనే అడిగింది. ఇద్దరినీ సమానంగా, అన్నాను. తరగతి గదిలో కూడా నాకు పక్షపాతం లేదు.

సంస్థ ముఖ్య బాధ్యురాలిగా దీనా పేరుంది. అది మార్చాలంటే ఆమే వచ్చి రాజీనామా మీద సంతకం చేయాలి.

“అమ్మగారు పోయారని రాయడానికి గడి నేదు మాస్టారూ,” అంది కళావతి, తెర మీంచి చూపు తిప్పకుండా. పేరు అలాగే ఉంచాం.

విచారణ తేలేవరకు బోర్డు మీద ఏమీ ఉండరాదని ఆదేశం వచ్చింది. సుద్దముక్కల పెట్టెకు సీలు వేసి తీసుకెళ్లారు. సోమవారం నేను బోర్డును తడిగుడ్డతో తుడిచాను. ఈ మధ్యకాలంలో ఇంత శుభ్రంగా అమలైన ప్రభుత్వ ఆదేశం మరొకటి లేదు.

ఒక్క కుర్చీ కూడా లేని బోర్డును సింగన్న తన సర్వీసులో ఎన్నడూ చూడలేదు. అన్ని ఆఫీసుల్లోనూ అందరూ ఉన్నారని కొండంతా చెప్పాడు. రెండింటికల్లా మూడు వందల మంది దిగారు.

అందరికంటే ముందు, విస్తళ్లకు అడ్డాకులు ఏరి అమ్మే సింహాద్రమ్మ వచ్చింది. శుక్రవారంలోగా మనవరాలి కుల సర్టిఫికెట్ ఇవ్వకపోతే హాస్టల్ సీటు పోతుంది.

“బొమ్మ నేదు గదా మాస్టారూ. అందరూ ఒచ్చీసినారేటి?”

“బోర్డు తుడవమన్నారమ్మా.”

“మరైతే ఉన్నారా, నేరా?”

“రాయకూడదు.”

“నోటితో సెప్పకూడదేటి?”

ఆదేశంలో ఆ మాట లేదు. “లేరు,” అన్నాను.

“అమ్మగారైతే అడక్కుండానే సెప్పీది,” అని అడ్డాకుల కట్ట చంకకెత్తుకుంది. “దిగనే దిగినాం. ఒచ్చీవరకూ కూకుంటాం.”

మూడు వందల మందీ వెళ్లి ఆఫీసుల్లో కూర్చున్నారు. (కుర్చీల కొరత రాలేదు.) ఎవరో ఫోటోలు తీసి ఫోన్లలో తిప్పారు. నాలుగున్నరకు అధికారులు రావడం మొదలైంది. ఒకరిద్దరిని సొంత గుమాస్తాలే ఎవరు కావాలండీ అని అడిగారు. ఐదింటికి సింహాద్రమ్మ కాగితం మీద సంతకం పడింది.

గురువారం విచారణ. పరిశీలనాధికారి గణేశ్వరరావు గారు కొత్త అభియోగం చదివారు: ఏమీ రాయకుండా ప్రజలను రెచ్చగొట్టడం.

“ఖాళీ బోర్డుకి ఇంతమంది రావడమేటండీ మాస్టారూ?”

“రాసి ఉంటే రారండి. అందుకే రాసేది.”

ఆయన స్వదేశీ సుద్దతో యథావిధిగా రాసుకోవచ్చని, ఇకపై అంగోలా జోలికి వెళ్లరాదని తీర్పు ఇచ్చారు. నేను మాట ఇచ్చాను.

చివరగా హాజరు పట్టీ తెరిచి, “ముఖ్య బాధ్యురాలు, దీనా గారు?” అని పిలిచారు.

నేను లేచి నిలబడ్డాను. ఆయన నన్ను చూసి, కలం కాస్త ఆపి, నిబంధన ప్రకారం రాసుకున్నారు: గైర్హాజరు.

ఒక ఆఫీసు గైర్హాజరును తనంత తానుగా నమోదు చేయడం మా ఊళ్లో నేను చూడడం అదే మొదటిసారి.