థామి రొట్టె పొంగిన రోజు

ఆ ఉదయం థామి వేసుకున్న పథకం చాలా చిన్నది. పిండి కలపాలి, ఓవెన్‌లో పెట్టాలి, ఎదురుగా కుర్చీ వేసుకుని రొట్టె పొంగుతుంటే చూడాలి. అంతే! ఇందులో ఎవరికైనా ఏం అపకారం ఉంది చెప్పండి? మొరాకోలోని ఫెస్ నగరం పాతబస్తీలో పుట్టిన అందరిలాగే ఆయన కూడా ఊహ తెలిసినప్పటినుంచీ పిండిముద్దల పలక నెత్తిన పెట్టుకుని వీధి బట్టీకి మోశాడు. ముద్దలు ఇచ్చి వచ్చేవాడు, కాలిన రొట్టెలు తెచ్చుకునేవాడు. మధ్యలో ఆ చీకటి పొయ్యిలో ఏం జరుగుతుందో బట్టీ నడిపే జెల్లూల్ తాతకి తప్ప ఇంకెవరికీ తెలియదు. అందుకే బస్సు డ్రైవరుగా రిటైరవగానే అద్దం తలుపున్న గ్యాస్ ఓవెన్ ఒకటి కొని ఇంటికి తెచ్చాడు.

భార్య బతూల్‌కి అది వచ్చిన రోజునుంచీ కంటగింపుగానే ఉంది.

"వంటింట్లో నాకు కాలు పెట్టే చోటు లేకుండా చేశావు కదయ్యా! అందులో రొట్టె పొంగదు, రాయవుతుంది" అంది.

"నువ్వు నిశ్చింతగా మీ చెల్లెలింటికి వెళ్ళిరా. మధ్యాహ్నానికి బూరెలా పొంగిన రొట్టె నీ ముందు పెడతాను."

"పెడితే సరే. పెట్టకపోతే ఈ ఓవెన్ మా చెల్లెలింటికి పోతుంది, నువ్వు మళ్ళీ నోరు మూసుకుని పలక మోస్తావు. ఒప్పుకుంటావా?"

"ఓ, బ్రహ్మాండంగా!" అన్నాడు థామి. కొండదారిలో బ్రేకులు ఫెయిలైనప్పుడు కూడా ఆయన తన మీద తనకున్న నమ్మకాన్ని వదులుకోలేదు.

వీధి ఇంకా నిద్ర లేవకముందే బతూల్ వెళ్ళిపోయింది. థామి గాలి తగలకూడదని కిటికీలన్నీ మూశాడు. రోజూ వీధంతటికీ వినిపించే రేడియో కట్టేశాడు. చప్పుడుకి పిండి బెదురుతుందని ఆయన నమ్మకం. ఎవరు చెప్పారంటే, ఎవరూ చెప్పలేదు, ఆయనే తేల్చుకున్నాడు.

అక్కడ బట్టీ దగ్గర జెల్లూల్ తాత పొరుగింటి రఖియాని ఆపి, "థామి ఇంటి పలక రాలేదేమే?" అని అడిగాడు. ఆ వీధిలో ఏ ఇంటి పలకైనా బట్టీకి రాలేదంటే ఆ ఇంట్లో పిండి పిసికే పరిస్థితి లేదని అర్థం. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగే అన్నీ వండి పెడతారు. రఖియా పరుగున వచ్చి చూస్తే కిటికీలు మూసి ఉన్నాయి, రేడియో లేదు. తలుపు తట్టింది. థామి వచ్చాడు, జుట్టంతా పిండి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా! ఏమైంది? వదినేదీ?"

"ష్! చప్పుడు చెయ్యకమ్మా. మధ్యాహ్నం నమాజయ్యాక రా. అందర్నీ తీసుకురా" అని గుసగుసగా చెప్పి తలుపు వేసేసుకున్నాడు. తన రొట్టె వీధంతా చూడాలని ఆయన ఆశ. మధ్యాహ్నం నమాజయ్యాక అందర్నీ పిలిచేది అంత్యక్రియలకే కదా అని రఖియా ఏడుపు. బతూల్ పోయిందన్న కబురు వీధి చివరిదాకా క్షణాల్లో పాకింది.

థామి ముద్దని గుండ్రంగా చేసి, ఓవెన్‌లో పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. ముందు ముద్ద ఉలకలేదు, పలకలేదు. కాసేపటికి అంచు దగ్గర కొద్దిగా కదిలినట్టయింది. ఆహా! ఊపిరి బిగబట్టి ముక్కు అద్దానికి ఆనించబోయాడు. సరిగ్గా అప్పుడే వీధి తలుపు దబదబా మోగింది. తీసేదాకా ఆగకుండా తోసుకునే వచ్చేశారు. పెద్ద గంగాళంతో ఆడవాళ్ళు, ఖురాన్ చదవడానికి ముసలివాళ్ళు, వెనకాల గంపెడు రొట్టెలతో జెల్లూల్ తాత.

"మధ్యాహ్నం అన్నాను కదమ్మా!"

"నువ్వు కూర్చో అన్నా, అంతా మేం చూసుకుంటాం. ఈ గంగాళానికి మా సిలిండర్ చాలదు, మీది తీసుకెళ్తాం" అంటూ రఖియా గ్యాస్ గొట్టం మీద చెయ్యి వేసింది.

థామి ఒక్క దూకు దూకి సిలిండర్‌ని రెండు చేతులా వాటేసుకున్నాడు. "దీన్ని ముట్టుకుంటే మర్యాదగా ఉండదు! ప్రాణం పోయినా ఇవ్వను!"

"అయ్యో పాపం! వదిన ముట్టుకున్న వస్తువని వదల్లేకపోతున్నాడు" అని ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు.

"ఏ వదిన? ఎవరు పోయారు?"

"గుండె దిటవు చేసుకో నాయనా. బతూల్ లాంటి ఇల్లాలు ఈ వీధిలో ఇంకొకతె లేదు" అన్నాడు ఒక ముసలాయన.

థామి చేతులు సిలిండర్ మీంచి జారిపోయాయి. అంటే చెల్లెలింటికి వెళ్ళే దారిలో ఏదో అయిందన్నమాట! వీధంతటికీ తెలిసింది, తనకే తెలియలేదు. పొద్దున తనని వెక్కిరించి వెళ్ళిన మనిషి! ఓవెన్‌కి వీపు ఆనించి నేలమీద చతికిలబడ్డాడు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నాకీ ఓవెన్ వద్దు, రొట్టే వద్దు! వాళ్ళ చెల్లెలికే ఇచ్చేస్తాను. ఇప్పుడే ఇచ్చేస్తాను. మా బతూల్ నాకు తిరిగొస్తే చాలు!"

"ఇస్తావా? అందరూ విన్నారుగా!" అంది గుమ్మంలోంచి బతూల్. పక్కన, ఓవెన్ కోసం తొందరపడి వెంట వచ్చిన చెల్లెలు.

కేకలు, అరుపులు! రఖియా గంగాళంలోనే కూలబడింది. థామి లేచి, భార్య చెయ్యి పట్టుకుని, నిజమా కాదా అని నొక్కి చూశాడు.

"నా కోసమేనా ఏడ్చావు?" బతూల్ గొంతు కాస్త మెత్తబడింది.

"ఛ! పిండి కళ్ళలో పడింది" అన్నాడు థామి. చెయ్యి మాత్రం వదల్లేదు.

"ముందు మీరంతా నోళ్ళు ముయ్యండి, ఇటు చూడండి!" అని కసిరాడు జెల్లూల్ తాత. ఆయన అద్దం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. "ఇన్నేళ్ళు రొట్టెలు కాల్చాను గానీ పొగ లేకుండా, ఎదురుగా, ఇంత దగ్గర్నించి ఎప్పుడూ చూడలేదురా థామీ!"

లోపల రొట్టె నిండుగా, గుమ్మటంలా లేచి, బంగారు రంగు తిరుగుతోంది. ఇంకా కొంచెం, ఇంకా కొంచెం పైకి వస్తోంది. ముసలివాళ్ళు వంగి చూశారు, ఆడవాళ్ళు ఒకరి భుజం మీంచి ఒకరు చూశారు. బతూల్ అందర్నీ మోచేతులతో పక్కకి నెట్టి కుర్చీలో కూర్చుంది. అందరి వెనకా ఇరుక్కుపోయిన థామికి జెల్లూల్ తాత టోపీ తప్ప ఏమీ కనిపించలేదు.

"అక్కా, బావ ఇచ్చేస్తానన్నాడుగా. బండి పిలవనా?" అని చెల్లెలు ఆశగా అడిగింది.

బతూల్ అద్దం మీంచి చూపు తిప్పలేదు. "ఆగవే, ఇంకా పొంగుతోంది!"

ఓవెన్ ఆ ఇంట్లోంచి ఎక్కడికీ పోలేదు గానీ, కుర్చీ మళ్ళీ థామికి దక్కలేదు.