వెనకగదిలో వేసవి

ఆ గురువారం పొద్దున్న టైలరు వేసుకున్న పథకం చిన్నదే. పదిన్నరకి నర్సు వచ్చేలోగా అత్తగారి గదిని వెచ్చబరచాలి. ఆ తర్వాత రోజంతా బ్యాండువాళ్ళ కోట్లు కుట్టుకోవచ్చు.

పోయిన వారం అత్తగారి దగ్గు విన్న డాక్టరు, పెద్దవయసులో ఛాతీ చలికి తట్టుకోలేదనీ, గదిలో వేడి పద్ధెనిమిది డిగ్రీలకు తగ్గకూడదనీ, గురువారం నర్సును పంపి చూపిస్తాననీ చెప్పాడు. నర్సు వచ్చి ఇల్లు చల్లగా ఉందని రాస్తే, చలికాలం పోయేదాకా ఆవిడను వెచ్చని ఇంటికి మార్చాల్సిందే. ఈ కబురు ఎలా చేరిందో గాని, ఆ సాయంత్రమే తోడల్లుడు ఫోన్ చేశాడు. తన ఇంట్లో కొత్త హీటరు ఉందట, అత్తగారిని నిశ్చింతగా పంపేయాలట. టైలరుకి అది గోరుచుట్టు మీద రోకటిపోటు. శనివారానికి పన్నెండు కోట్లు ఇస్తానని మాట ఇచ్చాడు. బ్యాండువాళ్ళ కోటంటే గుండీలెక్కువ, గుడ్డ తక్కువ. ఆ కాజాలన్నీ అత్తగారి చేతికుట్టే. ఆవిడ వెళ్ళిపోతే కోట్లు ఆగిపోతాయి, ఇచ్చిన మాట పోతుంది.

తోడల్లుడితో ఎక్కువ మాట్లాడటం ఇష్టంలేక, "గురువారంతో తేలిపోతుంది లెండి" అని ఫోన్ పెట్టేశాడు. ఆ ఒక్క ముక్కా వెనకగదిలో ఉన్న అత్తగారి చెవిన పడింది. అల్లుడు తనను వదిలించుకోవాలని చూస్తున్నాడని ఆవిడ అక్కడికక్కడే తేల్చేసుకుంది. ఇంతకంటే అన్యాయమైన అనుమానం ఇంకోటి ఉండదు. ఎండపడే వెనకగది ఆవిడకిచ్చి, తలుపు సందుల్లోంచి ఈదురుగాలి కొట్టే ముందుగదిలో మిషను వేసుకున్నది ఆ అల్లుడే. అక్కడ కూర్చుని నెలరోజులుగా అతనూ దగ్గుతున్నాడు. గొంతులో దూది నలుసు పడిందని చెబితే ఇంట్లో అందరూ నమ్మారు. ఇంటికి ఒక దగ్గు చాలనుకున్నారేమో.

ఆ పొద్దున్న ఎవరికి వారే యమునా తీరే. అత్తగారు స్నానానికి వెళ్ళగానే టైలరు వెనకగదిలో దూరి, మంచం కింద బుట్టలోని పీలికలన్నీ తీసి కిటికీ సందుల్లో గట్టిగా కుక్కేశాడు. కరెంటు ఇస్త్రీపెట్టెను వేడిచేసి గోడ థర్మామీటరు కింద నిలబెట్టాడు. ఇదేమీ తెలియని భార్య, అతను ముందుగదిలోకి వెళ్ళాక వచ్చి, ఆవిరికి గది వెచ్చబడుతుందని మూలన కెటిల్లో నీళ్ళు మరగబెట్టింది. అత్తగారు మాత్రం గదిని నమ్ముకోలేదు. నాలుగు స్వెట్టర్లు తొడిగింది. శాలువా లోపల వేడినీళ్ళ సంచీ పెట్టుకుంది. గొంతు గరగర అనకుండా రెండు గ్లాసుల వేడినీళ్ళు తాగి, నోరు తెరిస్తే దగ్గొస్తుందని పెదాలు బిగించుకుని కూర్చుంది.

నర్సు గదిలో అడుగుపెట్టగానే కళ్ళజోడు తెల్లబడింది. తుడుచుకుని థర్మామీటరు చూసింది. బయట ఎనిమిది, లోపల ముప్పై ఆరు. మంచం మీద ఒక పెద్దావిడ టమాటాలా ఎర్రబడి, చెమటలు కక్కుతూ కూర్చుంది. పేరడిగితే పలకదు, ఏ నెలంటే చెప్పదు. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. నోట్లో థర్మామీటరు పెడితే నూట రెండు.

"జ్వరం తలకెక్కినట్టుంది. మాట కూడా రావడం లేదు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి" అంది నర్సు.

టైలరు భార్య కెటిల్ సంగతి మర్చిపోయి ఏడుపు అందుకుంది. టైలరు ముందుగదిలోంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో కొయ్యబారిపోయాడు. తోడల్లుడి ఇల్లే నయమని జీవితంలో మొదటిసారి అనిపించింది. ముందు గాలి ఆడాలని నర్సు కిటికీ లాగింది. రాలేదు. సందులో గుడ్డ పట్టుకుని లాగితే జరీ అంచు ఎర్ర చొక్కాచెయ్యి లాంటిది ఒకటి బయటికొచ్చింది. దాని వెనక ఇంకోటి, ఆ వెనక మరోటి.

"ఆగమ్మా, అవి కోటు చేతులు" అంటూ అత్తగారు మంచం మీంచి దూకింది. "రాత్రే కాజాలు పూర్తిచేసి బుట్టలో పెట్టాను. నలిపేయకు."

వేడినీళ్ళ సంచీ దభీమని కిందపడింది. ముప్పై ఏళ్ళుగా కుడుతున్న టైలరు కోటు చేతులను పీలికలనుకుంటాడా అని అడక్కండి. కళ్ళజోడు మిషను మీద మర్చిపోయాడు, పైగా కంగారు.

సంగతులన్నీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. నర్సు ఇస్త్రీపెట్టె ఆపి, కెటిల్ ఆపి, మూడు స్వెట్టర్లు విప్పించింది. ఇల్లు చల్లగా ఉంటే జబ్బు, గాలి ఆడకుండా ఉడకబెట్టినా జబ్బేనని ముగ్గురికీ తలంటింది. అరగంట ఆగి చూస్తే జ్వరం లేదు. అత్తగారి ఛాతీ బాగానే ఉంది. ఎండపడే ఆ గది ఏ హంగూ లేకుండానే ఇరవై డిగ్రీలు చూపిస్తోంది.

"నన్ను పంపించేయాలని చూస్తున్నారనుకున్నాను అల్లుడుగారూ" అంది అత్తగారు. ఆవిడకి నిజంగానే సిగ్గేసింది.

"మీరెళ్తే ఈ ఇల్లు ఇల్లులా ఉండదు అత్తయ్యా" అన్నాడు టైలరు. కాజాల మాట కూడా ఎత్తబోయాడు గాని దగ్గు అడ్డొచ్చింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

"దూది నలుసు" అంది భార్య, అలవాటుగా.

నర్సు ఆ నలుసు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. లేచి గోడ థర్మామీటరు పట్టుకుని ముందుగదికి వెళ్ళి చూసొచ్చింది. అక్కడ పదకొండు డిగ్రీలు, గోడకి చెమ్మ. చలి పెద్దవాళ్ళనే పట్టుకుంటుందని ఎవరు చెప్పారని అడిగింది. అతన్నీ వెనకగదిలోకి మార్చుదామంటే, ఇద్దరు దగ్గేవాళ్ళు ఒకే గదిలో ఉండటానికి వీల్లేదంది. కాగితం మీద రాసింది: పది రోజులు పని మానాలి, వెచ్చని ఇంట్లో ఉండాలి.

వాళ్ళ చుట్టాల్లో వెచ్చని ఇల్లు ఒక్కటే ఉంది.

మిషను వెనకగదిలోకి మారింది. నలిగిన చేతులు ఇస్త్రీ చేసి, తల్లీకూతుళ్ళు శనివారానికి పన్నెండు కోట్లూ పూర్తిచేశారు. టైలరు తోడల్లుడి ఇంట్లో కొత్త హీటరు ముందు కూర్చుని, దానికున్న నాలుగు మీటల గురించి పూటకోసారి విన్నాడు. దగ్గు రెండో రోజుకే తగ్గిపోయిందని ఫోన్‌లో ఒట్టేసి చెప్పాడు గాని, నర్సు పదో రోజుదాకా నమ్మలేదు.