అట్టపెట్టెల కంపెనీకి ఆఖరి టీ

గోస్తనీ అట్టపెట్టెల కంపెనీ మూసివేత మొదలుపెట్టమని కోర్టు ఉత్తర్వు వచ్చిన ఉదయం, కంపెనీ పాదాలు రెండూ మాయమయ్యాయి. వరండాలో తన కుర్చీలో కూర్చుని పేపరు చూస్తున్న కంపెనీ ఆ సంగతి యజమాని నరసింగరావుకు చెప్పలేదు. చెప్పాలంటే లెటర్‌హెడ్ మీద, ఇద్దరు డైరెక్టర్ల సంతకాలతో చెప్పాలి. రెండో డైరెక్టరు ఆయన భార్య మహాలక్ష్మమ్మ. ఆవిడ అప్పుడు స్నానం చేస్తోంది.

చట్టం దృష్టిలో కంపెనీ ఒక మనిషి. పందొమ్మిదేళ్ల కిందట రిజిస్ట్రారు ఆఫీసు కౌంటర్లో సర్టిఫికెట్టుతో పాటు దాన్నీ ఇచ్చారు. నరసింగరావు సంతకం పెట్టి తీసుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి విజయనగరం తెచ్చుకున్నాడు. పిల్లల్లేని ఇల్లు. అప్పట్నుంచీ మహాలక్ష్మమ్మ ముగ్గురికి వండుతోంది.

గొడవ జిగురు దగ్గర వచ్చింది. కంపెనీకి జిగురు అమ్మే బెహరా జగన్నాథం పంపిన డ్రముల్లో జిగురు అంటలేదు. పెట్టెల అడుగులు ఊడి, కొన్నవాళ్లు వాటిలో సర్దిన సబ్బులన్నీ రోడ్డు పాలయ్యాయి. నరసింగరావు డబ్బు ఆపేశాడు గానీ, ఎందుకు ఆపాడో ఉత్తరం రాయలేదు. ఇరవయ్యేళ్లుగా బావా అని పిలిచే మనిషికి ఉత్తరం రాయడమంటే మొహాన ఉమ్మినట్టేనని ఆ బజారు మర్యాద. జగన్నాథం మనవరాలి బారసాలలో, పులిహోర వడ్డిస్తుండగా, జిగురు సంగతి నోటితోనే చెప్పాడు. "సూద్దుంలే బావా" అన్నాడు జగన్నాథం. ఆ తర్వాత బాకీ కట్టమని ఆయన డిమాండు నోటీసు మాత్రం రిజిస్టరు పోస్టులో వచ్చింది. మర్యాద ఒక వైపే నడిచే రోడ్డు కాబోలు.

"నోటీసుకు ముందే తగాదా ఉన్నట్టు కాగితం ఉందా?" అని, జగన్నాథం కేసు కోర్టుకెక్కాక జడ్జిగారు అడిగారు.

"ఆ బారసాల్లో కంపెనీ నా పక్కనే కూకున్నాది బాబూ. సెవులారా ఇన్నాది. అడగండి" అన్నాడు నరసింగరావు.

కంపెనీ తల ఊపింది. తల ఊపుకి స్టాంపు లేదని గుమాస్తా రాసుకున్నాడు.

మిషన్లు అమ్ముడైన వారం మోకాళ్లు పోయాయి. షెడ్డు పోయిన రోజు నడుము పోయింది. నలభైమంది పనివాళ్లు వచ్చి తమ జీతాల సంగతేమిటన్నారు. వాళ్లంతా కంపెనీ నుంచి డబ్బు రావాల్సినవాళ్ల వరసలో ఉన్నారనీ, వరస కదిలేదాకా ఇవ్వాల్సినవాడు మిగిలుండాలన్న రూలేదీ లేదనీ మూసివేతకి కోర్టు వేసిన అధికారి ఓపిగ్గా చెప్పాడు. వాళ్లు వెళ్లి వరసలో నిలబడ్డారు. మహాలక్ష్మమ్మ మాత్రం కంపెనీకి ముద్దలు కలిపి పెట్టడం మానలేదు. పొట్ట లేదు కదే అని నరసింగరావు అంటే, "ఆకలికి కోర్టు ఆర్డర్లు తెలుస్తాయేటి?" అంది.

దసరా ముందు జగన్నాథం పరామర్శకొచ్చాడు. కుర్చీలో అప్పటికి తల ఒక్కటే ఉంది. దాన్ని చూసి ఆయన నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు.

"జిగురు సెడిపోనాదని నాకూ తెలుసు బావా. ఇంత దూరం వస్తాదనుకోనేదు."

నరసింగరావు గబగబా లేచి, మిగిలిన ఒక్క లెటర్‌హెడ్డూ, పెన్నూ తెచ్చి ముందు పెట్టాడు.

"ఆ ముక్కే రాసియ్యి బావా. కంపెనీని కొట్టేసే ఆకరి ఉత్తర్వుకింకా మూడ్రోజులున్నాది."

జగన్నాథం నొచ్చుకున్నాడు. "మనలో మనకి కాయితాలేటి బావా?"

కంపెనీ నరసింగరావు వైపు చూసింది. ఆయన పెన్ను జగన్నాథం వైపు ఇంకాస్త జరిపాడు. అయినా ఇంటికొచ్చిన మనిషిని అలా అడగడం తప్పేననిపించింది. సిగ్గుపడి పెన్నుకి మూత పెట్టేశాడు.

"ఏటనుకోకు బావా" అని, లోపలికి కేకేసి రెండు టీలు చెప్పాడు.

మహాలక్ష్మమ్మ మూడు తెచ్చింది.