ఎడమవైపు కునుకు

ఆ రోజు ఒక్క నిమిషం కూడా పరుపు మీద వాలకూడదని కునుకు మాస్టారు పళ్లు తోముకుంటూనే ఒట్టు పెట్టుకున్నారు. పరుపుల షాపులో ఇరవై రెండేళ్లుగా అమ్మకాలు చూస్తున్న మనిషికి ఇదేమంత గొప్ప ఒట్టని మీకనిపించవచ్చు. కానీ ఆయనకు షుగరుంది. మధ్యాహ్నం నాలుగు ముద్దలు తినేసరికి ఒళ్లు బరువెక్కి, కళ్లు వాటంతటవే మూతలు పడతాయి. చుట్టూ చూస్తే ముప్ఫై పరుపులు. తోటివాళ్లు ఆ పేరు ఊరికే పెట్టలేదు. ఇంకొక్కసారి పరుపు మీద కనిపిస్తే గోడౌనుకు మార్చి మోతపనిలో పెడతానని యజమాని తేల్చి చెప్పేశాడు. పైగా ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఒక హోటలు యజమానురాలు అరవై పరుపుల కోసం వస్తోంది.

భార్యది మరో దిగులు. నెల క్రితం డాక్టరు మాస్టారి ఎడమ జబ్బకు బొత్తామంత యంత్రం అతికించారు. షుగరు ఎంతుందో అది ఆవిడ ఫోనుకు చేరవేస్తుంది, పడిపోతే గగ్గోలు పెడుతుంది. రాత్రిళ్లు అది మోగినప్పుడల్లా ఆవిడ లేచి, ఆయన్ని లేపి, తీయటి రసం తాగించి, ఆ అంకె పెరిగేదాకా దానికేసే చూస్తూ కూర్చుంటుంది. ఆయనైనా తాగి మళ్లీ పడుకుంటారు. ఆవిడకు ఆ భాగ్యమూ లేదు.

"తక్కువ తినండి. తిన్నాక పది నిమిషాలు నడవండి. కూర్చున్నారంటే పడుకుంటారు, నాకు తెలుసు," అంటూ ఆవిడ డబ్బా చేతికిచ్చింది.

మాస్టారు తక్కువే తిన్నారు. నడిచారు కూడా. నడిచే దారిలో చివరి వరుస పరుపొకటి ఎదురైంది. పదిహేను నిమిషాలు నడుం వాలిస్తే నాలుగింటికి హుషారుగా ఉండొచ్చు కదా అని తన ఒట్టుతో తానే రాజీకొచ్చారు. ఫోను సైలెంట్‌లో పెట్టి, మొహం ఎవరికీ కనబడకుండా గోడవైపు తిరిగి, అలవాటు ప్రకారం ఎడమ పక్కకే ఒత్తిగిల్లారు.

కాసేపటికి ఇంట్లో భార్య ఫోను గగ్గోలు పెట్టింది. ఎన్నిసార్లు చేసినా ఆయన ఎత్తలేదు. షాపుకు చేస్తే క్యాషియరమ్మాయి తీసింది. గోడౌను గండం సంగతి తెలిసిన పిల్ల కాబట్టి, పాపం, మాస్టార్ని కాపాడాలనుకుంది.

"కస్టమర్‌తో ఉన్నారక్కా. ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నారు."

షుగరు పడిపోయిన మనిషి పొంతన లేకుండా మాట్లాడవచ్చని డాక్టరు చెప్పిన మాట ఆవిడకు గుర్తొచ్చింది. షాపు పక్క వీధిలో పళ్లరసాల కొట్టు నడిపే తమ్ముడికి ఫోను చేసింది.

"మీ బావకి వెంటనే ఏదన్నా తీపి పట్టించరా. వద్దంటారు, వినకు. ఆ టైంలో అలాగే మొండికేస్తారు."

తమ్ముడు పెద్ద జగ్గు నిండా ద్రాక్షరసంతో దిగాడు. బావను కుదిపి లేపి కూర్చోబెట్టాడు. మాస్టారు నిద్రమత్తులోనే తనకేం కాలేదన్నారు. అక్క ముందే చెప్పిందిగా అనుకుంటూ తమ్ముడు మొదటి గ్లాసు పట్టించాడు. తనకు షుగరుందని మాస్టారు మొత్తుకుంటే, అందుకే కదా బావా అంటూ రెండోది పట్టించాడు. మూడో గ్లాసును ఆయన చేత్తో తోసేసరికి తమ్ముడికి ఇక అనుమానమే లేకపోయింది. క్యాషియరమ్మాయిని కాళ్లు పట్టుకోమన్నాడు. ఆ పెనుగులాటలో జగ్గు కాస్తా బోర్లాపడి, ఆయన పడుకున్న, షాపులోకెల్లా ఖరీదైన తెల్ల పరుపు నడిమధ్యన వంకాయరంగు మడుగు కట్టింది.

అప్పుడే భార్య రొప్పుతూ వచ్చింది. వేలు గుచ్చి చూస్తే షుగరు మూడొందలకు దగ్గరలో ఉంది. కంగారుగా డాక్టరుకు ఫోను చేసింది. ఆయన అంతా విని, ఏ పక్కకు తిరిగి పడుకున్నారని అడిగారు. ఎడమ పక్కకని చెబితే నవ్వారు. యంత్రమున్న చెయ్యి ఒంటి కింద నలిగితే అది లేనిపోని తక్కువ చూపిస్తుందట. ఈసారి మోగితే ముందు వేలు గుచ్చి చూడమన్నారు. ఈ పూటకు నీళ్లు బాగా తాగి నడవమన్నారు.

"అయితే నెల్రోజులుగా రాత్రిళ్లు మీకేమీ కాలేదా?"

"కాలేదేమో. ఈ నీరసమంతా నువ్వు తాగించిన రసాలదే."

ఆవిడ నవ్వబోయింది. నెల్లాళ్ల భయం ఒక్కసారిగా దిగిపోయేసరికి, ఆపుకున్న నిద్రంతా ముంచుకొచ్చింది. క్యాషియరమ్మాయి అప్పటికే మరక మీద ప్లాస్టిక్ కవరూ, దాని మీద దుప్పటీ పరిచేసింది. ఆవిడ దాని మీదే కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయి నిద్రపోయింది.

మాస్టారు వంగి చూశారు. కళ్ల కింద నల్లటి చారలు. అలసటంతా తనొక్కడిదే అనుకున్నందుకు ఆయనకు సిగ్గేసింది. ఆవిడ చెప్పులు తీసి, కాళ్లు పైన పెట్టి, ఫోను తన జేబులో వేసుకున్నారు.

నాలుగింటికి యజమాని, వెనకే హోటలావిడ వచ్చారు. పరుపు మీద మనిషిని చూసి యజమాని మండిపడ్డాడు. తక్షణం లేపమన్నాడు.

"కావాలంటే నన్ను గోడౌనుకు పంపండి, వెళ్తాను. నాకోసం నెల్రోజులుగా కంటిమీద కునుకు లేదు ఈవిడకి. నేను లేపను," అన్నారు మాస్టారు, గొంతు తగ్గించి.

హోటలావిడ నిలబడి చూసింది. పైన లైట్లు, వీధిలో హారన్లు, నెత్తిన యజమాని అరుపులు. పడుకున్న మనిషి ఇసుమంతైనా కదల్లేదు. ఆవిడ కూడా గొంతు తగ్గించి, అరవైకి అరవై ఇవే పంపమంది. దుప్పటి కింద సంగతి రేపు చెబుదామని మాస్టారూ క్యాషియరమ్మాయీ కళ్లతోనే అనుకున్నారు.

గోడౌను మాట మళ్లీ రాలేదు. మాస్టారి భార్య లేచేదాకా యజమాని ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చుని, రోజూ మధ్యాహ్నం వచ్చి ఓ గంట ఇలాగే పడుకుంటే జీతమిస్తానని ఆవిడతో అన్నాడు.

"పనిచేసే చోట నిద్రేమిటండీ? మా ఆయనకి రోజూ చెప్పేదీ అదే," అంది ఆవిడ చెప్పులు వెతుక్కుంటూ.