పులి వాసనకు మూడు పీరియడ్లు

పేరున్న అడవి అది, పెద్దది కూడా. అక్కడ డిగ్రీ లేని జంతువును నీళ్ళ రేవులో పలకరించేవాళ్ళు కూడా ఉండేవారు కాదు.

అది కనిపెట్టి పరంధామం అనే నక్క ఒక కాలేజీ పెట్టాడు. ఒక్క సబ్జెక్టు చదివినవాడికి ఒక్క దారే ఉంటుందనీ, తన దగ్గర వ్యాపారం, చరిత్ర, సైన్సు మూడూ కలిపి ఒకే డిగ్రీ ఇస్తాననీ ఊదరగొట్టాడు.

కొండ అవతల ఉండే సుభద్ర అనే దుప్పికి ఈ మాట నచ్చింది. ఆవిడ గడ్డి మేసేముందు కూడా ఇది ఎవరిదో కనుక్కుని మేసే రకం. రేపు కూతురికి ఏ చదువు అక్కరకొస్తుందో తెలియక బెంగపడేది. అన్నీ కొంచెం కొంచెం వస్తే ఎక్కడా మాట పడదు కదా అనుకుని కూతురు మాలినిని హాస్టల్లో చేర్పించింది.

దుప్పి పిల్లకు ముందుగా రావలసిన విద్య పులి వాసన పసిగట్టి పరిగెత్తడం. కాలేజీలో దాన్ని మూడు ముక్కలు చేశారు. వాసన ఎలా పుడుతుందో గుడ్లగూబ సైన్సులో చెప్పేది. అది ఏ వంశపు పులిదో నెమలి చరిత్రలో చెప్పేది. పరిగెత్తడంలో లాభనష్టాలు గద్ద వ్యాపారంలో చెప్పేది. ఒక పీరియడ్ సంగతి ఇంకో పీరియడ్‌లో ఎత్తితే మార్కులు కోసేవారు.

సెలవులకు వచ్చిన కూతుర్ని సుభద్ర పరీక్షించింది. "పులి వాసన వస్తే ఏం చేస్తావే?"

"ఏ పీరియడ్‌లోనమ్మా?" అంది మాలిని.

సుభద్ర గబగబా మార్కుల కాగితం తీసింది. మార్కులు చూస్తే మూడింటా ఫస్టు క్లాసు. పంతుళ్ళకు తెలియనిది నాకు తెలుసా అని తనను తానే తిట్టుకుంది.

చదువు ముగిసే రోజు వచ్చింది. అందరికీ ఒకే చోట ఉద్యోగాలనీ, తల్లిదండ్రులు కూడా వచ్చి చూడవచ్చనీ పరంధామం కబురంపాడు. ఆ చోటు పులి గుహ అనీ, ఎంపికకు పులే కాలేజీకి వస్తుందనీ మాత్రం చెప్పలేదు. పిల్లలు పులికి, మిగిలింది తనకు అన్నది ఒప్పందం.

సుభద్ర ఇప్పపూలు మూటకట్టుకుని కాలేజీకి వచ్చి వెనక వరసలో, కూతురి పక్కన కూర్చుంది. నెమలి చివరి పరీక్షగా ప్రశ్నలు అడుగుతోంది. ఇంతలో పొద మీంచి గాలి వీచింది. పిల్లల ముక్కులన్నీ అదిరాయి. ఒక్క కాలూ కదల్లేదు.

"వాసన తెలుస్తోందా?" అని సుభద్ర గుసగుసలాడింది.

"తెలుస్తోందమ్మా. కానీ ఇది చరిత్ర పరీక్ష."

"పరిగెత్తవే తల్లీ."

"అది మధ్యాహ్నం. వ్యాపారం పేపర్లో వస్తుంది."

పరంధామం గొంతు సవరించుకుని, పెద్దవాళ్ళు మధ్యలో కల్పించుకుంటే పిల్లకు ఏడాది పోతుందని హెచ్చరించాడు. ఏడాది పోవడమంటే మాటలా? సుభద్ర నోరు మూసుకుంది. పొద కదిలింది. అప్పుడిక ఆగలేక ఆవిడ కాలితో నేల తన్ని, అడవి దద్దరిల్లేలా అరిచింది.

ఆ అరుపు ఏ పాఠంలోనూ లేదు. అందుకే ఎవరూ ఆలోచించలేదు. మాలిని ఎగిరి దూకింది, క్లాసంతా ఆమె వెనకే దూకింది. పంతుళ్ళు ముగ్గురూ చెట్టెక్కారు.

పులి వచ్చి చూస్తే బల్లలు ఖాళీ. పూలదండ పట్టుకుని పరంధామం ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"దీన్ని నష్టమనుకోకూడదు దొరగారూ, వచ్చే ఏటి బ్యాచి మీద పెట్టుబడి అనుకోవాలి" అన్నాడు.

పులికి వచ్చే ఏటి దాకా ఆగే చదువు లేదు. ఆ ఏటి ఎంపిక ఒక్కడితోనే ముగిసింది.

ఆ తరవాత గద్ద ప్రిన్సిపాలైంది. పరీక్ష మధ్యలో లేచిపోయినందుకు క్లాసు మొత్తాన్నీ ఫెయిల్ చేసింది. పక్కనే నిక్షేపంగా గడ్డి మేస్తున్న కూతుర్ని వదిలేసి, సుభద్ర ఆఫీసు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

"అయ్యా, మా అమ్మాయికి సప్లిమెంటరీ రాసే వీలుందా?"

నీతి: పులి చేతికి చిక్కాలంటే మూడు సబ్జెక్టులూ పాసవ్వాలి, బతకడానికి ఫెయిలైనా చాలు.