తెల్లతావు పోయె, గడులొచ్చె

"నేటితో పాతరాతియుగం ముగిసింది. రేపటినుంచి పల్లె తన కథను గడుల్లో రాసుకుంటుంది" అని పల్లె సమాచార శాఖామాత్యులు ఓబుళేశుగారు కడపలో మైకు ముందు ప్రకటించగానే హాలు దద్దరిల్లింది. చప్పట్లు కొట్టినవాళ్లలో దేవరకుంటపల్లె బ్లాగరు లేవి కూడా ఉన్నాడు. ఎందుకు కొడుతున్నాడో ఆయనకు తెలీదు. ముందువరసలో అధికారులు కొడుతున్నారు. వెనకవరస చేతులు ముడుచుకొని కూర్చుంటే ఏం మర్యాద?

బయటికొచ్చి టీ తాగుతుంటే తెలిసింది, ముగిసింది తన సేద్యమేనని.

సర్కారువారి 'ఊరిమాట' పోర్టల్లో ఊరికొక పుట, పుటకొక బ్లాగరు. రాయడానికి ఒక ఎడిటరు ఉండేది. తెరిస్తే ఇంత తెల్లటి తావు, నెత్తిన వరసగా బొత్తాలు. అక్షరం లావు చేసేదొకటి, ఫోటో తగిలించేదొకటి. మిగతావి ఎందుకున్నాయో ఎవరూ నొక్కి చూడలేదు. జనం దాన్ని తెల్లతావు అన్నారు. దాన్నిప్పుడు తీసేసి గడుల ఎడిటరు తెచ్చినారు. పేరాకొక గడి, ఫోటోకొక గడి, శీర్షికకొక గడి. గడి గడికీ మధ్య ఒక కూడిక గుర్తు. ఎక్కడ వేలు పెట్టినా కొత్త గడి పుడుతుంది, పుట్టిందాన్ని చంపడం ఎవరికీ చేతకాదు.

జిల్లా బ్లాగర్లందరిదీ ఒకటే పద్ధతి. నిన్నటి పోస్టు తెరవడం, అంతా కాపీ కొట్టడం, తేదీ మార్చడం, అవసరమైతే ఒక మాట మార్చడం, 'ప్రచురించు' నొక్కడం. లేవి పోస్టులో మారే మాట కూడా ఒకటే. దేవరకుంటపల్లెకు ఎండాకాలం నీళ్లంటే ట్యాంకరే. అది రాని రోజు ఖాళీ బిందెల ఫోటో కింద "ఈరోజు మా ఊరికి ట్యాంకరు రాలేదు" అని రాస్తాడు. కలెక్టరాఫీసులో ఎవరో చూస్తారు. మరునాడు ట్యాంకరొస్తుంది. ఆ చూసే మనిషెవరో లేవికి తెలీదు. అయినా ఆదివారం చర్చిలో ఆ కనపడని ఉద్యోగి ఆరోగ్యం కోసం కూడా ఒక మాట ప్రార్థన చేస్తాడు.

సంగతి విని ఆయన భార్య రాహేలమ్మ బిందె కింద పెట్టింది.

"నీ తావు పోతే పాయె. నువ్వు రాయకుంటే ట్యాంకరెట్లొస్తాది?"

"రాస్తామే. గడుల్లో రాయల్లంట."

"దేంట్లోనన్నా రాయి. బిందె మాత్రం నిండల్ల."

*

కమలాపురంలో, లేవి వాళ్ల చర్చి ఆవరణలో, తెల్లతావుకు సంతాపసభ జరిగింది. లేవి ప్రార్థన చేసినాడు. ఒంటిమిట్ట పక్క పల్లెనుంచి వచ్చిన సుబ్బయ్య, రాములోరి కల్యాణం గురించి రాసే బ్లాగరు, టెంకాయ కొడతానన్నాడు. చర్చిలో టెంకాయేమిటని కొంచెం తర్జనభర్జన అయింది. చివరికి గేటు బయట కొట్టి, లోపల తిన్నారు.

వంటల బ్లాగరు సుబ్బరత్నమ్మ కళ్లు తుడుచుకుంది. "సంకటి ఒక గడిలో కూచునె, ఊరిబిండి పచ్చడి ఇంగొక గడిలోకి పాయె. రెండూ కలపకుండా జనం ఎట్ల తింటారు నాయనా?"

ఈ ప్రశ్న మూటగట్టుకొని అందరూ కలిసి మంత్రిగారి దగ్గరికి పోయినారు. ఓబుళేశుగారు ప్రజల మనిషి. విషయం తెలియకపోయినా వెంటనే చలించిపోతారు.

"ఎడిటర్ను తీసేసినారు సార్" అన్నాడు సుబ్బయ్య.

"ఎవురాయప్ప? ఏ పేపరు?"

"మనిషి కాదు సార్. మేం రోజూ ఆయన్ను నమ్ముకొనే..."

"అయ్యో. ఎప్పుడు పోయినాడు?"

"మొన్న మీటింగులో మీరే ప్రకటించినారు సార్."

మంత్రిగారు కండువాతో కళ్లొత్తుకున్నారు. పక్కనున్న పీయేకు చెప్పినారు: "రాసుకోప్పా. ఆ కుటుంబానికి ఏమన్నా చేయల్ల."

"మాకు ఆయన్నే తెచ్చియ్యండి సార్" అన్నాడు లేవి, దండం పెట్టి.

"పోయినోళ్లను తెచ్చే శక్తి నాకు యాడుండాది లేవీ? కొత్తాయప్పతో సర్దుకోండి. మంచోడంట."

*

కొత్తాయప్పను పరిచయం చేయడానికి హైదరాబాదునుంచి భూపేష్ అనే కన్సల్టెంటు వచ్చినాడు. స్లైడు వేసినాడు. "మీరంతా కాపీ పేస్టు మైండ్‌సెట్‌లో ఉన్నారు. ఇది ఉమ్మడి గడి. ఒక వాక్యం ఒకసారి ఇందులో పెట్టుకుంటే, కావలసిన పోస్టుల్లోకి పిలుచుకోవచ్చు. ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది."

లేవి మొదటి సగం విన్నాడు. రెండో సగం వచ్చేసరికి సమోసాలు వచ్చినాయి.

"మీ పాత పోస్టులన్నీ మిషనే గడుల్లోకి మార్చేసింది. ఒకే వాక్యం పదేపదే కనిపిస్తే దాన్ని ఒక ఉమ్మడి గడి చేసేసింది. ఈ జిల్లాలో ఉన్నన్ని ఉమ్మడి గడులు దేశంలో ఎక్కడా లేవు" అని భూపేష్ మెచ్చుకున్నాడు. బ్లాగర్లు సిగ్గుపడ్డారు.

కొన్నాళ్లు అంతా సాఫీగా నడిచింది. ట్యాంకరు రాలేదు, లేవి ఆ గడిని పిలిచినాడు, ట్యాంకరొచ్చింది. వచ్చినరోజు రాహేలమ్మ అంది: "రానప్పుడు రాస్తావు సరే. వచ్చినప్పుడు కూడా ఒక ముక్క రాయయ్యా. ఆ పుణ్యాత్ముడు సంతోషపడతాడు."

న్యాయమే అనిపించింది. లేవి అలవాటు ప్రకారం నిన్నటి పోస్టు తెరిచినాడు. తేదీ మార్చినాడు. 'రాలేదు' అన్నచోట 'వచ్చింది' అని దిద్ది, ప్రచురించు నొక్కినాడు.

ఆ ఒక్క నొక్కుతో దేవరకుంటపల్లె చరిత్ర మారిపోయింది. అది ఉమ్మడి గడి కాబట్టి పాత పోస్టులన్నీ మారిపోయినాయి; పోర్టలు ప్రకారం పుట పెట్టిన నాటినుంచి ఆ ఊరికి ట్యాంకరు రాని రోజే లేదు. కరువేళ కూడా వచ్చింది. లాక్‌డౌన్లో వచ్చింది. డ్రైవరు ఏసేపు పెళ్లినాడు కూడా వచ్చింది.

వారం తిరక్కుండానే ఊరికి 'జలసమృద్ధి గ్రామం' అవార్డు ప్రకటించినారు.

*

అవార్డు సభకు షామియానా, కుర్చీలు, మంత్రిగారికి సీసా నీళ్లు, అన్నీ కడపనుంచే వచ్చినాయి. లేవికి శాలువా కప్పి ఓబుళేశుగారు మాట్లాడినారు. "ఇటువంటి నమూనా పుట ముందు తరాలు చూసి నేర్చుకోవల్ల. దీని మీద ఇంగెవురూ చెయ్యి పెట్టకుండా తాళం వేయిస్తాండాను!"

చప్పట్లు.

"లేవిని జిల్లా గడుల సమన్వయకర్తగా నియమిస్తాండాను!"

మళ్లీ చప్పట్లు. ఆ పదవికి జీతం లేదు, పాస్‌వర్డు ఉంది. జిల్లాలో ఏ పోస్టయినా మంత్రిగారి పేరు గడితోనే మొదలవ్వాలని ఉత్తర్వు. ఆ గడి ఉమ్మడిది. ఆయనకు కొత్త బిరుదు వచ్చినప్పుడల్లా అందులో చేర్చడమే లేవి పని. ఆ పూటే ఒకటి వచ్చింది. 'అపర భగీరథుడు'. లేవి వేదిక మీదే చేర్చినాడు. రాహేలమ్మ కింద నిలబడి మొగుణ్ణి చూసింది. ఆ చూపులో మెప్పు ఉన్నట్టు ఆయనకు అనిపించలేదు.

మరునాటినుంచి ట్యాంకరు రాలేదు.

కొన్నాళ్లు చూసి లేవి నీళ్లశాఖ ఆఫీసుకు పోయినాడు. వెంట రాహేలమ్మ, ఆమె చేతిలో బిందె. ఆఫీసరు మర్యాదస్తుడు, కుర్చీ వేయించినాడు.

"జలసమృద్ధి ఊరికి ట్యాంకరెందుకు లేవీ?"

"నీళ్లు లేవు సార్."

"పోర్టల్లో ఉండాయే."

రాహేలమ్మ బిందె బోర్లించి చూపించింది. చుక్క రాలలేదు.

"నాకు కనపడతాండాదమ్మా, కండ్లు లేకనా? కానీ పోర్టల్లో ఉండాక నేనేం చేయగలను? పోర్టల్లో రాలేదని ఉంటే వెంటనే పంపిస్తా."

లేవి ఇంటికొచ్చి తన పుట తెరిచినాడు. 'నమూనా పుట. మార్పులకు వీల్లేదు' అని తాళం బొమ్మ నవ్వుతూ ఉంది. ఇటు గోకినాడు, అటు గోకినాడు. కొత్త గడి కూడా పుట్టలేదు. తెల్లతావు ఉన్ననాళ్లలో అయితే ఎవరు ఏ తాళం వేసినా మళ్లీ కొత్తగా ఒక తావు తెరిచి రాసుకునేవాడు.

ఇరుగమ్మ పొరుగమ్మ వచ్చి గడపలో కూర్చున్నారు. "మా లేవన్నకు పదవొచ్చింది, మాకు నోరెండింది" అందొకామె. ఇంకొకామె శాలువా ముట్టుకొని చూసి, "మెత్తగుండాది. పిండితే ఏమన్నా వస్తాదేమో" అంది.

"నీకాడ ఉండే తాళంచెవి యాదానికి పనికొస్తాది?" అని అడిగింది రాహేలమ్మ.

"మంత్రిగారి పేరుకు."

"దానికన్నా పనికొస్తాది గదా" అని ఆమె లోపలికి పోయింది.

లేవి ఫోను తీసి పాస్‌వర్డు కొట్టినాడు. తర్వాత మంత్రిగారి గడి తెరిచి, ఆ బిరుదులన్నిటి నడుమ ఒక్క మాట చేర్చినాడు. రెండక్షరాలే.

*

పొద్దున ఓబుళేశుగారు కడప గెస్టుహౌసులో లేచేసరికి కాపలా పోలీసులు లేరు. కారు లేదు. కాఫీ రాలేదు. వాకిట్లో దండలు పట్టుకొని నిలబడే జనం ఎదురు వీధిలో ఇంకో నాయకుడి వాకిట్లో కనపడినారు. అవే దండలు.

గెస్టుహౌసు అధికారి చేతులు కట్టుకొని వచ్చినాడు. "పెట్టె సర్దుకుంటే బాగుంటాది సార్. గది మంత్రులకు మాత్రమే."

"నేను మంత్రినే కదప్పా!"

"పోర్టల్లో 'మాజీ' అని ఉండాది సార్. అన్ని ఊర్ల పుటల్లోనూ అట్లే ఉండాది."

"ఎదురుగా నిలబడుకొని ఉండా! కనపడల్యా?"

"కనపడతాండారు సార్, కండ్లు లేకనా? కానీ పోర్టల్లో ఉండాక..."

రాజధానికి ఫోన్ చేస్తే అక్కడివాళ్లు చూసి చెబుతామన్నారు. చూసినారు. సానుభూతి చెప్పినారు. భూపేష్‌కు చేస్తే "సెలవులో ఉన్నాను, సమన్వయకర్తను సంప్రదించండి" అన్నాడు. సమన్వయకర్తకు చేసినారు.

"వచ్చేటోణ్ణే సార్" అన్నాడు లేవి ఎంతో వినయంగా. "ఊర్లో నీళ్లు లేవు. ఆడోళ్లు నన్ను ఊరు దాటనీయడంల్యా. తమరే దయచేయండి."

దయచేయడానికి బండి లేదు. ఉన్న బండ్లన్నీ పోర్టలు చూసినవే. గెస్టుహౌసు గోడ పక్కన మాత్రం పనిలేక నిలబెట్టిన ట్యాంకరుంది. డ్రైవరు ఏసేపు దానికింద పడుకొని ఉన్నాడు. ఆయన ఫోన్లో నెట్టు లేదు. జిల్లా మొత్తంమీద ఆయనొక్కడికే ఓబుళేశుగారు ఇంకా మంత్రి.

"దేవరకుంటపల్లెకు పోవల్ల. ఎంటనే."

"పోదాం సార్. కానీ ఖాళీ ట్యాంకరు గుంతల్లో ఎగురుతాది, మీ నడుము నిలబడదు. నీళ్లు పోసుకుంటే కుదురుగా పోతాది."

"పోసుకోప్పా, పోసుకో!"

*

ట్యాంకరు ఊర్లోకి దిగేసరికి బిందెలు వీధి పొడుగునా బారులు తీరి ఉన్నాయి. ఓబుళేశుగారు క్యాబిన్లోంచి దూకి, "లేవీ! మార్చు!" అన్నారు.

రాహేలమ్మ అడ్డం నిలబడింది. "ఉండప్పా. ముందు నీళ్లు పట్టుకోనీ. మంత్రి ఎప్పుడన్నా కావచ్చు."

"అమ్మా, ఒక్క నిమిషం పని..."

"నిమిషమే అయితే ఈ పైపు పట్టుకో. మా ఏసేపుకు భుజం నొప్పి."

ఆయన పట్టుకున్నారు. ఏం చేస్తారు? రాహేలమ్మ బిందె నిండింది, పక్కామె బిందె నిండింది, మంత్రిగారి చెప్పులు తడిసినాయి. అలవాటు ప్రకారం లేవి ఒక ఫోటో తీసి పెట్టుకున్నాడు.

చివరి బిందె నిండినాక, లేవి అడిగినట్టే ఓబుళేశుగారు పీయేను ఫోన్లో బతిమాలి దేవరకుంటపల్లె పుటకు తాళం తీయించినారు. లేవి ఆ రెండక్షరాలు తీసేసినాడు. నిమిషంలో కారొచ్చింది, పోలీసులొచ్చినారు, దండలొచ్చినాయి. దండలు కొంచెం వాడినాయి. లేవి చేతిలోని పాస్‌వర్డు భూపేష్ చేతికి పోయింది. పోతే పోయిందనుకున్నాడు లేవి. తన పుటలో 'రాలేదు' అని రాసుకునే స్వేచ్ఛ వచ్చింది, అది చాలు.

మంత్రిగారు కారెక్కబోతూ ఆగి ఆ ఫోటో చూపించమన్నారు. తడిసిన పంచె, చేతిలో పైపు, ధార, బిందె, వెనక నవ్వుతున్న రాహేలమ్మ. ఆయన కళ్లు చెమర్చినాయి.

"ఇది ఒక ఊరికే పరిమితం కాకూడదప్పా" అన్నారు.

సాయంత్రానికి ఫోటో మంత్రిగారి ఉమ్మడి గడిలో చేరింది. జిల్లాలోని ప్రతి ఊరి పుటలోనూ ఓబుళేశుగారు స్వయంగా నిలబడి నీళ్లు పట్టిస్తున్నారు.

మూడోనాడు సుబ్బయ్య ఫోన్ చేసినాడు.

"లేవీ, మా ఊరికి ట్యాంకరు ఆపేసినారప్పా. అడిగితే పోర్టల్లో నీళ్లు పడుతుండారు చూడమంటారు. చూస్తిమి. మా ఊరి బిందెల కాడ మీ రాహేలమ్మ నిలబడుకోనుండాది."

లేవి వాకిట్లో బిందె తోముతున్న రాహేలమ్మ వైపు చూసినాడు.

"ఆయమ్మను ఒకమాట అడిగి చెప్పప్పా, మా ఊర్లో నీళ్లు యాడ పట్టుకునిందో. బిందెలెత్తుకొని మేమూ ఆడికే పోతాము."